ల్యాబ్ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంది?

ఫైనల్ ఇయర్‌లో మీరు కొన్న ఆర్డుయినో కిట్ ఇప్పుడు ఎక్కడుంది? వైవా అయిపోయింది, మార్కులు పడ్డాయి. ఆ తర్వాత బోర్డు, జంపర్ వైర్లు, నాలుగు సెన్సర్లు కలిపి ఒక కవర్లో కట్టి హాస్టల్ మంచం కిందో, ఇంట్లో సజ్జ మీదో పడేసి ఉంటారు. నాదీ అంతే. ఎడపల్లిలో మా ఇంటి సజ్జ మీద ఏళ్ల తరబడి ఉంది. దసరాకు ఇల్లు దులుపుతుంటే అమ్మ కిందికి దించి, "ఇది పారెయ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగింది.

పారేయలేదు. జిల్లాలోనే ఒక సర్కారు బడికి తీసుకెళ్లాను. బడి పేరు అనవసరం. అక్కడ అప్పటికే దాతలిచ్చిన రోబోటిక్స్ కిట్లు ఉన్నాయి. బీరువాలో ఉన్నాయి. సీలు కూడా తీయలేదు. "విరిగితే ఎవరు జవాబు చెప్పాలి?" అన్నారు సార్. ఆయన్ని తప్పు పట్టలేను. స్టాక్ రిజిస్టర్‌లో ఆ కిట్ల పక్కన ఉన్న సంతకం ఆయనదే. నేను తెచ్చిన పాత కిట్ మాత్రం ఏ రిజిస్టర్‌లోనూ లేదు కదా, పది నిమిషాల్లో ఎనిమిదో తరగతి పిల్లలు దాన్ని మొత్తం విప్పేశారు. ఒక సెన్సర్ కాలిపోయింది కూడా. ఒక పాప నీటి సెన్సర్‌ను చేతిలో పట్టుకుని, "అన్నా, గిది మా పొలం కాడ పెడ్తె మడి నిండిందా లేదా తెలుస్తదా?" అని అడిగింది.

కొత్త కిట్లు బీరువాలో, పాత కిట్ పిల్లల చేతుల్లో. రాబోయే ఐదేళ్లలో ఈ దృశ్యం మన జిల్లాలో చాలా బళ్లలో కనబడే అవకాశం ఉంది. ఎందుకో చూద్దాం.

పది వేల నుంచి యాభై వేలకు

2025-26 కేంద్ర బడ్జెట్‌లో ఒక ప్రకటన చేశారు: ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఇప్పటిదాకా దేశమంతా పెట్టినవి 10,000. అంటే పాతవాటికి ఐదు రెట్లు కొత్తవి రావాలి. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు వచ్చి ఎలక్ట్రానిక్స్, 3డీ ప్రింటింగ్, చేతి పనిముట్లతో తమకు తోచింది చేసుకునే గది అది. ఇంగ్లిషులో మేకర్‌స్పేస్ అంటున్నది దీన్నే.

ఇప్పటిదాకా ఉన్న ల్యాబ్‌లకు ఇచ్చిన గ్రాంటు లెక్క చూడండి. ఒక్కో బడికి గరిష్ఠంగా 20 లక్షలు. అందులో 10 లక్షలు సామాన్ల కోసం ఒకేసారి. మిగతా 10 లక్షలు ఐదేళ్ల వరకు నడపడానికి. అంటే ఏడాదికి సుమారు 2 లక్షలు, నెలకు 17 వేల లోపే. వస్తువులు, మెంటర్ల గౌరవ వేతనం, వర్క్‌షాపులు, మరమ్మతులు అన్నీ అందులోనే. ఐదేళ్లు దాటాక?

అక్కడే విరాళాల అవసరం మొదలవుతుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు పెట్టాలి. విద్య అందులో ఒకటి. కాబట్టి బళ్లకు సామాన్లు వస్తూనే ఉంటాయి. కానీ ఏ సామాన్లు? 3డీ ప్రింటర్ వస్తుంది. దానికి కావాల్సిన ఫిలమెంట్ రాదు. ప్రింటర్ ముందు రిబ్బన్ కట్ చేసి ఫొటో దిగొచ్చు, గ్లూ స్టిక్కుల ముందు దిగలేం కదా! కిలో ఫిలమెంట్ వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. సోల్డర్ వైరు, బ్యాటరీలు, ఎల్‌ఈడీలు, అట్టలు ఇంకా తక్కువ. ల్యాబ్ ఆగిపోయేది మాత్రం వీటి దగ్గరే.

పల్లికాయ పొట్టు, గుర్రపు డెక్క

ఖరీదైన యంత్రం లేకుండానే మొదలైన రెండు పనుల గురించి మీరు వినే ఉంటారు. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జిల్లా పరిషత్ హైస్కూల్ విద్యార్థిని ఒకరు పల్లికాయ పొట్టుతో మొక్కల కుండీ తయారుచేసింది. నర్సరీల్లో మొక్కలు పెంచేది నల్ల ప్లాస్టిక్ సంచుల్లో. మొక్క నాటేటప్పుడు సంచి చింపి పారేస్తారు. పొట్టు కుండీ అయితే మొక్కతో పాటే భూమిలో పెట్టేయొచ్చు. గద్వాల వైపు పల్లి పంటకు కొదవ లేదు, పొట్టుకూ కొదవ లేదు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని టీ-వర్క్స్ ఇంజినీర్లు ఆ కుండీలను అచ్చు వేసే యంత్రాన్ని రూపొందించి ఇచ్చారు. (టీ-వర్క్స్ తెలియని వారికి: రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ప్రోటోటైపింగ్ కేంద్రం. 78 వేల చదరపు అడుగుల కొత్త భవనం 2023 మార్చిలో తెరిచారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఒకసారి చూసి రండి.)

ఇందులో నాకు నచ్చింది వేరే. 2015లో మొదలైన హరితహారం రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం. కోట్ల మొక్కలు, కోట్ల సంచులు. ఒక హైస్కూల్ అమ్మాయి "మొక్కలు నాటుతున్నాం సరే, ఈ ప్లాస్టిక్ సంగతేంటి?" అని అడిగినట్టే కదా ఆ కుండీ. ప్లకార్డు పట్టుకోలేదు, వస్తువు చేసి చూపించింది. ప్రభుత్వ సంస్థే దానికి యంత్రం చేసిచ్చింది.

రెండోది యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి జిల్లా పరిషత్ హైస్కూల్ అమ్మాయిలది. గుర్రపు డెక్క, మెంతులు, పసుపు, వేప వంటివాటితో భూమిలో కలిసిపోయే శానిటరీ ప్యాడ్‌లు చేశారు. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్, యునిసెఫ్, ఇంక్వి-ల్యాబ్ ఫౌండేషన్ కలిసి నడిపిన తెలంగాణ స్కూల్ ఇన్నోవేషన్ ఛాలెంజ్‌లో వాళ్ల పని అందరి దృష్టిలో పడింది. గుర్రపు డెక్క చెరువులను కమ్మేసే కలుపు. దాన్ని విరాళంగా ఇచ్చింది చెరువే అనుకోండి. నెలసరి మాట క్లాసులో ఎత్తితే తల దించుకునే చోట అమ్మాయిలు స్టేజీ ఎక్కి ప్యాడ్ చేతిలో పట్టుకుని వివరించారు. ఆ పని ఏ రోబో కిట్ పుస్తకంలోనూ ఉండదు.

ఇప్పుడు మన సంగతి చూసుకోండి. బీటెక్‌లో ఎంతమంది స్మార్ట్ డస్ట్‌బిన్ చేశాం? నేనూ చేశాను. మా ఊళ్లో చెత్తబుట్ట మూత తెరవడం ఎవరికీ సమస్య కాదు. కిట్‌లో అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంది కాబట్టి చేశాను. సామాను ముందొచ్చి సమస్యను వెతుక్కుంది.

దాత సెన్సర్, దాత ఫ్యాక్టరీ

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. ఒక ఊరి వాగు పైన ఒక మిల్లు ఉందనుకోండి. ఆ మిల్లే బడికి కిట్లు ఇచ్చింది. పిల్లలు ఆ కిట్‌లోని పీహెచ్ సెన్సర్ వాగులో ముంచి, వారం వారం అంకెలు రాసి, గ్రామసభలో చదివి వినిపిస్తే ఏమవుతుంది? దాత మళ్లీ వస్తాడా? హెడ్మాస్టర్‌కు ఫోన్ రాదా?

నా మాట ఏమిటంటే, విరాళం తీసుకునే రోజే కాగితం మీద ఒక్క వాక్యం ఉండాలి: ఏ సమస్య మీద పనిచేయాలో పిల్లలు, బడి నిర్ణయిస్తారు. గోడ మీద దాత పేరు ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా ఫర్వాలేదు. ప్రజల డబ్బుతో నడిచే ల్యాబ్‌కు ఈ బెడద తక్కువ. అందుకే విరాళాలు వస్తున్నాయి కదా అని ప్రభుత్వం నడిపే ఖర్చు తగ్గించుకుంటే మాత్రం ఒప్పుకోకూడదు.

మన బోధన్ చుట్టుపక్కల ఇంకో రకం విరాళం కూడా ఉంది. 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరవాలని చెరకు రైతులు, కార్మికులు చేసిన ధర్నాలు చూస్తూ పెరిగిన వాళ్లం మనం. చక్కెర మిల్లు అంటే చెరకు ఆడించడం ఒక్కటే కాదు. బాయిలర్లు, టర్బైన్లు, పంపులు, వాటిని నడిపిన ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు. శక్కర్‌నగర్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో అలా పని నేర్చినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వారానికి ఒక్క పూట బడికి వచ్చి ఆకురాయి ఎలా పట్టాలో, మీటరుతో కరెంటు ఎలా చూడాలో చూపిస్తే ఏ కంపెనీ ట్రైనర్‌కూ తీసిపోరు. వాళ్లను ఎవరూ పిలవలేదు, అంతే.

ఇది కొత్త ఆలోచనేం కాదు. మహారాష్ట్రలో పుణె దగ్గర పాబల్ అనే పల్లె ఉంది. అక్కడి విజ్ఞాన్ ఆశ్రమ్‌లో 1983 నుంచి చేతిపని ద్వారానే చదువు చెబుతున్నారు. అమెరికాలోని ఎంఐటీ బయట మొట్టమొదటి ఫ్యాబ్ ల్యాబ్ 2002లో వచ్చింది అక్కడే. చేతిపని తెలిసిన మనుషులు ముందు నుంచీ ఉన్న చోటికే యంత్రాలు వచ్చాయి.

మరి మీకేంటి?

ఉద్యోగం వెతుక్కుంటున్న నాకు ఇవన్నీ ఎందుకు అంటారా? సూటిగా చెప్తాను. బడిలో రెండు శనివారాలు గడిపినంత మాత్రాన ఎవరూ ఆఫర్ లెటర్ ఇవ్వరు. అటల్ మిషన్‌లో 'మెంటర్ ఆఫ్ ఛేంజ్' అనేది స్వచ్ఛంద సేవ, వారానికి గంటో రెండు గంటలో. జీతం ఉండదు. కానీ 50,000 ల్యాబ్‌లు నిజంగా వస్తే వాటిని నడిపే మనుషులు కావాలి. స్టెమ్ ట్రైనర్లు, కిట్లు తయారుచేసే చిన్న కంపెనీలు, స్వచ్ఛంద సంస్థల్లో ప్రోగ్రామ్ ఉద్యోగాలు. అక్కడ అడిగేది పైథాన్ సర్టిఫికెట్ ఒక్కటే కాదు. నలభై మంది పిల్లలు, ఐదు బోర్డులు, మధ్యలో పోయే కరెంటు. వీటితో గంట నడిపించగలరా అని. ఒక ఇంటర్వ్యూలో నన్ను "మీ ప్రాజెక్టును ఎవరు వాడారు?" అని అడిగారు. స్మార్ట్ డస్ట్‌బిన్ గుర్తొచ్చి నోరు మెదపలేదు.

మొదలుపెట్టాలనుకుంటే ముందు హెడ్మాస్టర్‌ను కలిసి అనుమతి తీసుకోండి. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెడితే సజ్జల మీది కిట్లు ఒక సంచి నిండా వస్తాయి. ఇంటి దగ్గరే ఒక్కొక్కటీ పరీక్షించి, పనిచేయనివి తీసేయండి. మన చెత్త బడికి చేర్చడం దానం కాదు. ఇచ్చేటప్పుడు ఒక విషయం తప్పకుండా అడగండి: వీటిని శాశ్వత ఆస్తుల రిజిస్టర్‌లో కాకుండా వాడి ఖర్చయ్యే వస్తువుల కింద రాయమనండి. చాక్‌పీసులా అన్నమాట. అప్పుడు సెన్సర్ కాలినా సార్‌కు భయం ఉండదు, బీరువా తాళం పడదు.

పొలం సంగతి అడిగిన ఆ పాప, ఇంకో ఇద్దరు కలిసి ఇప్పుడు మడి నిండితే ఇంట్లో బజర్ మోగేలా ఒకటి కడుతున్నారు. త్రీఫేజ్ స్టార్టర్ జోలికి పోవద్దని గట్టిగా చెప్పాను. బజర్ మోగితే చాలు, మోటర్ బంద్ చేయడానికి వాళ్ల నాయిన లేచి పోతాడు. గ్లాసు నీళ్లలో పనిచేసింది, బురదలో పెడితే సెన్సర్‌కు తుప్పు పట్టి ఊరికే మోగుతోంది. సెన్సర్ బదులు ఖాళీ నూనె డబ్బాతో ఫ్లోట్ చేద్దామని ఆ పాపే అంది. ఇరవై మీటర్ల వైరు, రెండు బజర్లు కావాలట. వచ్చే శనివారం తీసుకెళ్తున్నాను.