వేడెక్కిన యంత్రము - వెదుకవలసిన కారణము

1998 నవంబరు 22వ తేదీన సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు కంప్యూటరు విద్యకు మారుపేర్లైనవి. అచ్చటి మేడలలో యంత్రములు చల్లని గదులలో పనిచేయుచుండగా, మన విద్యార్థుల పాత యంత్రములు మే నెల ఎండలో పంకా గాలి క్రిందనే నడువవలసి యున్నవి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసిన పిమ్మట, అట్టి యంత్రములకు లినక్స్ మంచి ఆధారము. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థ వెల లేనిదే గాని, శ్రమ లేనిది కాదు.

యంత్రము వేడెక్కినంతనే, తెర నిలిచిపోయినంతనే "ఇక దీని పని అయిపోయినది" అని తీర్పు చెప్పుట మనలో పరిపాటి. ఇది సరి కాదని మా అభిప్రాయము. జ్వరము రోగము కాదు, రోగ లక్షణము, వేడిమియు అట్టిదే. తెరపై బొమ్మలు గీయుటకు గ్రాఫిక్స్ కార్డు కలదు. లినక్స్‌కు, ఆ కార్డుకు నడుమ దుబాసీ వంటిది డ్రైవరు. డ్రైవరు కుదరనిచో ఎల్ఎల్‌వీఎంపైప్ అను సాఫ్టువేరు ద్వారా ఆ పని యంతయు ప్రాసెసరు మీద పడును, అది కాగిపోవును. అట్టి యెడ పంకాను మార్చినను మూలకారణము తొలగదు.

కావున మొదట జీఎల్ఎక్స్ఇన్ఫో ఆజ్ఞతో బొమ్మలు గీయుచున్న దెవరో, సెన్సార్స్ ఆజ్ఞతో ఉష్ణోగ్రత యెంతో తెలిసికొనవలెను. గ్రాఫిక్స్ కార్డే గీయుచున్నను, పని పెరిగిన కొలది యంత్రము మితిమీరి వేడెక్కినచో దుమ్మును, ఎండిన థర్మల్ పేస్టును అనుమానింపవలెను. కెర్నెల్ మారిన వెంటనే తెర నల్లబడినచో డ్రైవరును అనుమానించి, గ్రబ్ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎంచి చూడవలెను. ఒక పర్యాయము ఒక మార్పే చేయవలెను. రెండు చేసినచో ఏది నయము చేసినదో తెలియదు.

ఇంత శ్రమ యేల, క్రొత్తది కొనరాదా యని కొంద రనవచ్చును. కొనుట సులభమే, కాని కొనుటలో విద్య లేదు. ఎన్విడియా సంస్థ తన కెర్నెల్ మాడ్యూళ్ళ మూలమును 2022 మే నెలలో గాని వెల్లడింపలేదు. అంతకు ఎంతో ముందే స్వచ్ఛంద కార్యకర్తలు ఆ కార్డుల పోకడను పరిశీలించి పరిశీలించి నూవో డ్రైవరును నిర్మించిరి. వారి పట్టుదల మనకు ఆదర్శము కావలెను.

కళాశాల సంఘము వారికి మా మనవి ఇది: పరీక్షింపనిదే ఏ యంత్రమును పారవేయరాదు. కుంచె, థర్మల్ పేస్టుల కొరకు కొద్దిపాటి నిధి కేటాయింపవలెను. ప్రతి యంత్రము ప్రక్కన ఒక పుస్తకముంచి, కనిపించిన లోపమును, చేసిన చికిత్సను తెలుగున, ఉర్దూలో వ్రాయింపవలెను. ఒక విద్యార్థి తెలుగున వ్రాసినది వేరొకరు ఉర్దూలోనికి మార్చినచో ఇరువురికిని విద్య అబ్బును.

హైటెక్ సిటీకి పట్టా చేతబట్టి పోవు మన విద్యార్థికి, చెడిన దానిని బాగుచేసిన అనుభవము కూడ తోడుండవలెనని మా ఆకాంక్ష.