బొర్రా గుహల లెక్క గ్రామసభ ముందు పెట్టాలి

మన పంచాయతీ ఒక కల్వర్టు కట్టినా, ఆ ఖర్చు సక్రమంగా జరిగిందని గ్రామసభ ధ్రువపత్రం ఇవ్వాలి. 1996 నాటి పీసా చట్టం చెప్పిన మాట ఇది. మరి అనంతగిరి మండలం బొర్రాలో, కొండ కడుపులోని గుహలు చూపించి వసూలు చేసే టికెట్టు డబ్బుకు ధ్రువపత్రం ఎవరిస్తున్నారు?

గుహలను నడిపేది ఆంధ్రప్రదేశ్ పర్యాటకాభివృద్ధి సంస్థ. అది ప్రభుత్వ కంపెనీ. దాని డైరెక్టర్లను నియమించేది ప్రభుత్వం. ఆడిటర్ను నియమించేది కాగ్. వార్షిక నివేదిక పోయేది శాసనసభకు. ఆ దారి పొడవునా వెతకండి, గ్రామసభ ఎక్కడా కనిపించదు. గుహ మన ఊళ్లో, గల్లాపెట్టె తాళం మరో ఊళ్లో!

"ఆడిట్ జరుగుతోంది కదా" అంటారు. ఆడిటర్ చూసేది డబ్బు పుస్తకంలోకి ఎక్కిందా లేదా అని. బొర్రాలో వచ్చిన రూపాయిలో బొర్రా బడికెంత, మంచినీటికెంత అని అడగడం ఆయన పని కాదు. అడగాల్సింది మనం. "మీ పిల్లలకు గైడు ఉద్యోగాలిచ్చాం" అని కూడా అంటారు. కూలి వేరు, వాటా వేరు. కూలి ఇచ్చినంత మాత్రాన లెక్క చెప్పే బాధ్యత తీరిపోదు.

ఈ ప్రశ్నకు మన నేలలోనే పునాది ఉంది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు బొర్రా ప్రాంతపు ఊళ్ల గనుల లీజుల మీద పుట్టిందే. షెడ్యూల్డ్ ప్రాంతంలో నడిచే పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం నీరు, బడి, ఆసుపత్రి, పారిశుధ్యం, రవాణా కోసం శాశ్వత నిధిగా పెట్టాలని ఆ తీర్పు చెప్పింది. అది గనుల కేసే. కానీ కొండను తవ్వి సంపాదించేవాడికి ఉన్న బాధ్యత, కొండను చూపించి సంపాదించేవాడికి ఎందుకుండదు?

ఇది జరగని పని కాదు. ఆస్ట్రేలియాలో ఉలూరు కొండను 1985లో అక్కడి ఆదివాసులైన అనంగులకు తిరిగి అప్పగించారు. వారు దానిని జాతీయ పార్కుకు లీజుకిచ్చారు. నిర్వహణ బోర్డులో మెజారిటీ వారిదే, ప్రవేశ రుసుములో వాటా వారిదే.

మనం కోరేది మూడు. బొర్రా రాబడి, ఖర్చు విడిగా రాసి ఏటా గ్రామసభలో చదవాలి, కువి, ఆదివాసీ ఒరియా మాటల్లో కూడా. గ్రామసభ ఎన్నుకున్నవారు సంస్థ బోర్డులో కూర్చోవాలి. వాటా ఎంతో చట్టంలో రాయాలి. దయతో ఇచ్చింది రేపు ఆపేయవచ్చు, చట్టంతో వచ్చింది ఆపలేరు.

యువకులారా, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉపాధ్యాయులారా, ఆ జవాబు వచ్చాక అందులోని అంకెలతో పిల్లలకు శాతాల లెక్కలు నేర్పండి. లెక్క చదవడం వచ్చిన ఊరిని మోసం చేయడం కష్టం.