ఎవరి హ్యుమానిటీస్? - 4: లియోనార్డో ఎక్కిన నిచ్చెన

మెరిట్ మీద వాదన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లియోనార్డో డావిన్చిని లాక్కొస్తారు. "పుట్టు మేధావి, ఆయనకు ఏ కోటా ఇచ్చారు?" అంటారు. ఆయన బతుకు చదివి ఉంటే ఆ పేరు ఎత్తడానికే జంకేవాళ్లు.

1452లో ఇటలీలోని విన్చి అనే ఊళ్లో పుట్టాడు. తండ్రిది తరాలుగా నోటరీల ఇల్లు. తల్లి కతెరీనా పేదరాలు. ఆమె కాకసస్ నుంచి తెచ్చి అమ్మిన బానిస అని 2023లో కార్లో వెచ్చె అనే పండితుడు వాదించాడు కూడా. ఆ ఇద్దరికీ పెళ్లి కాలేదు. అలా పుట్టిన కొడుక్కి ఫ్లోరెన్స్ నోటరీల సంఘంలో చోటు లేదు. లాటిన్ బడి చదువూ దక్కలేదు. పిల్లవాణ్ని వెరోక్కియో పనిశాలలో పెట్టారు. బొమ్మలు గీయడంతో పాటు లోహం పోత పోయడం, అతకడం కూడా అక్కడి పనే. 1471లో ఫ్లోరెన్స్ పెద్ద చర్చి గోపురం మీదికెక్కించిన రాగి గోళం ఆ పనిశాలలో తయారైందే.

ఆనాడు హ్యుమానిటీస్ అంటే ఐదే: వ్యాకరణం, వక్తృత్వం, కవిత్వం, చరిత్ర, నీతిశాస్త్రం. అంతా లాటిన్ చదువు. అందులో చిత్రకళ లేదు. ఫ్లోరెన్స్ చిత్రకారులు వైద్యులు, మందులమ్మేవాళ్ల సంఘం కింద ఉండేవాళ్లు. రంగులు ఆ దుకాణాల్లోనే దొరికేవి మరి! కలం పట్టినవాడు పండితుడు, కుంచె పట్టినవాడు చేతిపనివాడు. ఈ లెక్క మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

లియోనార్డో తన నోట్సులో తాను చదువురానివాణ్నని రాసుకున్నాడు. అందులో లొంగుబాటు లేదు, కోపం ఉంది. మీరు ఎవరివో మాటలు మోసుకు తిరుగుతారు, నాకు గురువు అనుభవం అన్నది ఆయన వాదన. వాదించి ఊరుకోలేదు. 1507-08 చలికాలంలో సాంతా మారియా నువోవా ఆసుపత్రిలో ఒక ముసలాయన చనిపోతే ఆ శరీరాన్ని కోసి చూశాడు. రక్తనాళాలు కుంచించుకుపోయిన తీరు రాసిపెట్టాడు. గీయడం కూడా ఆలోచించడమేనని వేల పేజీల్లో చూపించాడు. కవిత్వం కంటే, సంగీతం కంటే చిత్రకళే మిన్న అని తెగేసి చెప్పాడు.

ఈ పోరు ఆయన ఒక్కడిదే కాదు. ఆల్బెర్తి 1435లోనే చిత్రకళ మీద గ్రంథం రాశాడు. వసారి 1550లో కళాకారుల జీవితాలు అచ్చువేశాడు. 1563లో ఫ్లోరెన్స్‌లో కళాకారుల అకాడమీ వచ్చింది. 1571లో చిత్రకారులు పాత సంఘం నుంచి బయటపడ్డారు. ఇవాళ ఆర్ట్ హిస్టరీ హ్యుమానిటీస్‌లో ఒక సబ్జెక్టు అయిందంటే పునాది అక్కడ ఉంది.

ఇంతవరకూ జేజేలు కొడదాం. ఇక రెండో వైపు చూడండి.

అదే నోట్సులో ఆయన శిల్పి గురించి ఏం రాశాడు? శిల్పి చెమటోడుస్తాడు, పాలరాతి పొడి మీద పడి రొట్టెలు కాల్చేవాడిలా కనిపిస్తాడు, చిత్రకారుడు మాత్రం మంచి బట్టలేసుకుని శుభ్రమైన ఇంట్లో హాయిగా కూచుంటాడు అని. కుర్చీ అడగడానికి ఆయనకు దొరికిన వాదన అది: నాకు దుమ్మంటదు, పక్కవాడికి అంటుతుంది. ఫ్లోరెన్స్‌లో కులం ఉందని నేననడం లేదు. కానీ ప్రతివాడికీ కింద ఇంకొకణ్ని చూపించి నిచ్చెనను నిలబెట్టే తంత్రానికి బాబాసాహెబ్ పెట్టిన పేరు గుర్తు తెచ్చుకోండి: నిచ్చెనమెట్ల అసమానత. చివరికి శిల్పి కూడా అకాడమీలోకి వచ్చాడు. నేతగాడు, కుమ్మరి, అద్దకంవాడు బయటే ఉండిపోయారు. లోపలిది "కళ", బయటిది "చేతివృత్తి" అయింది.

ఆ రెండు మాటలూ మన యూనివర్సిటీల్లోకీ వచ్చాయి. ఇక్కడ వాటికి కులం తోడైంది. చిందు కళాకారులు ఆడే జాంబపురాణం సృష్టి గురించి మాదిగల తత్వశాస్త్రం. డిపార్టుమెంటులో దాని పేరు "జానపదం". పాడినవాడు సమాచారదాత, రాసుకున్నవాడు డాక్టరేట్. సున్నంతో తోలు మీది వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్కతో ఊనిన మన తాతల జ్ఞానానికి "కులవృత్తి" అని పేరు పెట్టి సిలబస్ బయట పారేశారు. ఆసుపత్రిలో లియోనార్డో కోసిన ముసలాయన పేరు మనకు తెలియదు. మన పెద్దల పేర్లూ ఎన్నో థీసిస్‌లలో అలాగే పోయాయి.

అందుకే మెరిట్ వాదులకు ఒక మాట. లియోనార్డోకు గురువు దొరికాడు, కాగితం దొరికింది, పోషించే ప్రభువులు దొరికారు. మా పిల్లలు అడిగే హాస్టలూ, స్కాలర్‌షిప్పూ, గైడూ అంతకంటే ఎక్కువేం కాదు.

రెండో మాట మనవాళ్లకే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీటు వచ్చాక "మేం థియరీ చేస్తాం, వాళ్లు డప్పు కొడతారు" అనకండి. అన్న రోజు మీరూ ఆ మంచి బట్టల వాదనే వాదిస్తున్నట్టు. చిందు కళాకారుడికి అదే డిపార్టుమెంటులో, అదే జీతంతో పాఠం చెప్పే ఉద్యోగం అడగండి. తోలు పనిని జ్ఞానంగా సిలబస్‌లో పెట్టమనండి. ఆ రెండూ సాధించేదాకా మనకిచ్చిన కుర్చీ చూసి మురిసిపోవద్దు.

మిగతాది వచ్చే భాగంలో.

జై భీమ్!