మామగారి లెక్క

నాకు లెక్కలంటే భయం. తెలుగు ఎమ్మే చదవడానికి గల ముఖ్య కారణాలలో అదొకటని మా ఆవిడ నలుగురిలోనూ అంటూ ఉంటుంది. నేను కాదనను. అటువంటి నాకు మామగారుగా దొరికినాయన ముప్ఫై అయిదేళ్లు హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు.

మొన్న వేసవిలో ఆయనకు నిమోనియా చేసింది. బెజవాడలో ఒక పెద్దాస్పత్రిలో ఇంటెన్సివ్ కేర్‌లో చేర్చాము. స్పృహ లేదు. ఊపిరి కూడా మిషనుదే. సాయంత్రం పది నిమిషాలు చూడనిస్తారు. మూడోనాడు మా ఆవిడ మంచం దగ్గరి చీటీ చూసి, "షుగరు 260 ఏమిటి? మా నాన్నకు ఏనాడూ షుగరు లేదే! ఇదెవరి చీటీయో తెచ్చి ఇక్కడ పెట్టారు!" అని గోల చేసింది.

నర్సు ఓపిక గల పిల్ల. జబ్బు ముదిరితే శరీరం బెదిరిపోయి తనంతట తానే రక్తంలోకి చక్కెర వదులుతుందనీ, అప్పుడు ఇన్సులిన్ మాట కూడా సరిగా వినదనీ, షుగరు జబ్బు లేనివాళ్లకూ ఇది మామూలేననీ చెప్పింది. గంటగంటకూ రక్తం పరీక్ష చేసి, కాగితం మీది పట్టిక చూసి, పంపులో ఇన్సులిన్ ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో లెక్క కట్టడం ఆమె పని.

అయిదోనాటి తెల్లవారుజామున ఆ అంకె 48కి పడిపోయింది. స్కానుకు తీసుకు వెళ్లాలని ముక్కుగొట్టంలో పోసే ఆహారం ఆపారు. ఇన్సులిన్ ఆపడం మరిచిపోయారు. మెలకువగా ఉన్న మనిషికి షుగరు పడిపోతే చెమటలు పోస్తాయి, చేతులు వణుకుతాయి, "ఏమిటో అయిపోతున్నానర్రా" అని కేక వేస్తాడు. స్పృహ లేనివాడు ఏమని కేక వేస్తాడు? మెదడు మాడిపోతున్నా కదలకుండా పడుకునే ఉంటాడు. ఆ నర్సే సమయానికి చూసింది గనుక గ్లూకోజు ఎక్కించి గట్టెక్కించారు.

ఆ కోపంలో, అట్లాంటాలో డాక్టరుగా ఉన్న మా మేనల్లుడికి ఫోను చేశాను.

"మామయ్యా, ఆ లెక్క ఇక్కడ కంప్యూటరు చేస్తుంది. ఈ ఊళ్లోనే పాల్ డేవిడ్సన్ అనే డాక్టరూ ఆయన సహచరులూ 1984 నుంచీ గ్లూకోమాండర్ అనే ప్రోగ్రాము వాడారు" అన్నాడు.

ఆ లెక్క నాబోటి వాడికే అర్థమయింది. షుగరు అంకెలో నుంచి 60 తీసివేసి, మిగిలినదాన్ని 0.02తో గుణిస్తే గంటకు ఎన్ని యూనిట్ల ఇన్సులినో వస్తుంది. 260 అయితే 4 యూనిట్లు. షుగరు దిగకపోతే ఆ 0.02 కాస్తా 0.03 అవుతుంది, మరీ దిగితే 0.01. అంకె 60కి వచ్చేసరికి జవాబు దానంతటదే సున్నా. మళ్లీ పరీక్ష ఎప్పుడు చేయాలో కూడా కంప్యూటరే పిలిచి చెబుతుంది.

"అయితే ఇక చిక్కే లేదన్నమాట" అన్నాను. వాడు అవుననలేదు.

2001లో బెల్జియంలోని లూవెన్‌లో గ్రేట్ వాన్ డెన్ బెర్గె అనే డాక్టరమ్మ, శస్త్రచికిత్స అయిన రోగులకు షుగరును 80కీ 110కీ మధ్య బిగించి ఉంచితే ఇంటెన్సివ్ కేర్‌లో మరణాలు నూటికి 8 నుంచి 4.6కు తగ్గాయని చూపించింది. లోకమంతా ఆ దారి పట్టింది. 2009లో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, కెనడా మొదలైన దేశాలవారు 6,000 పైచిలుకు రోగుల మీద చూస్తే కథ తిరగబడింది. బిగించినవారిలో 90 రోజులలో పోయినవారు నూటికి 27.5, 180 లోపు ఉంటే చాలని వదిలినవారిలో 24.9. ఆ పరీక్షలో మోతాదులు చెప్పింది కంప్యూటరే! లెక్క ఒప్పే, పొమ్మన్న ఊరే తప్పు. (మా క్లాసులో గణాలూ యతిప్రాసలూ తప్పకుండా పద్యాలల్లే కుర్రాడొకడున్నాడు. ఏం చెప్పదలచుకున్నావురా అంటే మాత్రం బిక్కమొహం వేస్తాడు.) లూవెన్ వారే ఇంకా మెరుగైన ప్రోగ్రాముతో 9,000 మందికి పైగా రోగుల మీద మళ్లీ ప్రయత్నించారు. షుగరు ప్రమాదంగా పడిపోవడం అరుదైంది గాని మరణాలు తగ్గలేదని 2023లో ప్రకటించారు. ఇప్పుడు చాలాచోట్ల 140కీ 180కీ మధ్య ఉంచుతున్నారు.

అయినా నా ఓటు కంప్యూటరుకే. రాత్రి మూడు గంటలకు, నిద్ర కళ్లతో, ఇద్దరు రోగుల మధ్య పరుగెత్తే పిల్ల చేత గుణకారాలు చేయించడమేమిటి?

మామగారు ఇంటికి వచ్చారు. షుగరు మామూలే, కాఫీలో పంచదార కూడా మామూలే. ఈ సూత్రం చెబితే ఆయన కళ్లు మెరిశాయి. పెళ్లి శుభలేఖ వెనక్కి తిప్పి నాలుగైదు లెక్కలు వేశారు. తరువాత పెన్సిలు కింద పెట్టి,

"బాగానే ఉంది బాబూ. నాకు తిండి ఆపిన సంగతి ఇందులో ఎక్కడ వేసుకోవాలి?" అన్నారు.

ఆ ప్రశ్న మా మేనల్లుడికి అందజేశాను. కొన్ని కొత్త ప్రోగ్రాములు ఆహారం ఎంత పోస్తున్నారో కూడా అడుగుతాయట. ఆపినప్పుడు ఆపామని ఎవరో ఒకరు దానికి చెప్పాలట.

"ఎవరు?" అన్నారు మామగారు.