పరగడుపు షుగర్ చూసి సంబరపడే వాళ్ళకి

ఏటా ఆఫీసులో హెల్త్ చెకప్ జరుగుతుంది కదా. పరగడుపున రక్తం తీస్తారు, టిఫిన్ కూపన్ చేతిలో పెడతారు, మనం కాంటీన్‌కి పోయి నాలుగిడ్లీ, ఒక వడ, టీ లాగిస్తాం. వారం తర్వాత మెయిల్. ఫాస్టింగ్ షుగర్ 96, పక్కన పచ్చ గుర్తు. ఇంకేం, ఏడాది పాటు నిశ్చింత. నా గొడవంతా ఆ పచ్చ గుర్తుతోనే.

ఆ ఇడ్లీలు లోపలికి వెళ్ళాక రక్తంలో ఏం జరిగిందో ఎవరైనా చూశారా? మా టీమ్ లీడ్‌కి (నలభై కూడా నిండలేదు) మూడేళ్ళుగా ఫాస్టింగ్ 'నార్మల్'. మెట్లెక్కితే ఆయాసంగా ఉందని బయట డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆయన 75 గ్రాముల గ్లూకోజు తాగించి 2 గంటలకి పరీక్ష చేయించాడు. 218! మళ్ళీ చేయించినా అదే కథ. 140 లోపు ఉండాలి, 200కి చేరితే డయాబెటిస్. మరి మూడేళ్ళ పచ్చ గుర్తులకి అర్థమేంటండీ?

రోజూ తెల్లవారుజామున 3 గంటలకి మాత్రం సర్వర్ లోడు చూసి, 'అంతా క్షేమం' అని క్లయింటుకి రిపోర్టు పంపితే మనల్ని ప్రాజెక్టులో ఉంచుతారా? హెచ్‌బీఏ1సీ ఇంతకంటే నయమే గానీ, అదీ దాదాపు మూడు నెలల సగటు. 70కీ 230కీ మధ్య ఊగిసలాడేవాడికీ, 150 దగ్గర కుదురుగా ఉండేవాడికీ ఇంచుమించు ఒకే అంకె రావచ్చు.

ఇది నా సొంత పైత్యం కాదు. యూరప్‌లో పాతిక వేల మందికి పైగా జనాన్ని గమనించిన డీకోడ్ అధ్యయనం 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఎవరికి ప్రాణం మీదికొచ్చే ముప్పుందో పరగడుపు అంకె కన్నా 2 గంటల అంకే బాగా పట్టిస్తోందని తేలింది. కారణం కూడా ఊహించలేనిదేం కాదు. రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలు గ్లూకోజుకి తలుపు వేసుకోలేవు. బయట పెరిగితే లోపలా పెరుగుతుంది, ఫ్రీ రాడికల్స్ పుడతాయి, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. నిలకడగా ఎక్కువున్న షుగర్ కన్నా ఎగుడుదిగుడు షుగరే ఈ ఒత్తిడిని ఎక్కువ పెంచుతోందని 2006లో జామాలో ఒక ఫ్రెంచి బృందం రాసింది (21 మంది రోగుల మీద చేసిన చిన్న అధ్యయనమే లెండి).

ఇక రెండో రకం వీరులున్నారు. ఏ జబ్బూ లేకపోయినా చేతికి సెన్సర్ అతికించుకుని, 'అన్నం తింటే 150 వచ్చింది బాబోయ్' అని వాట్సాప్‌లో గ్రాఫులు పంపుతుంటారు. అయ్యా, ఆరోగ్యంగా ఉన్నవాడికీ కాసేపు అంత రావచ్చు. పైగా ఆ శిఖరాన్ని మాత్రలతో చెక్కేస్తే గుండె బాగుపడుతుందన్న ఆశ కూడా నిలబడలేదు. చైనాలో 6,500 మందికి పైగా గుండె రోగులకి అకార్బోస్ ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. డయాబెటిస్ బారిన పడటం 18 శాతం తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. అంటే ఆ 218ని అలారంగా చూడాలి. అలారం నోరు నొక్కితే సరిపోదు, బీపీ, ఎల్‌డీఎల్, సిగరెట్టు, బెల్టు మీదికి జారిన పొట్ట... వీటన్నిటి సంగతీ చూడాలి.

తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే గ్లూకోజుని లాక్కుంటాయి. పైసా ఖర్చు లేదు. కానీ మనకి ఒంటిగంటన్నరకి స్టేటస్ కాలు! లంచ్ డబ్బా మూత పెట్టేలోపే హెడ్‌సెట్టు.

దేశంలో 10 కోట్ల మందికి డయాబెటిస్, మరో 13 కోట్ల పైచిలుకు మంది దాని గుమ్మంలో ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా వేసింది. అయినా 2 గంటల పరీక్ష కూడా చేర్చమని మా హెచ్‌ఆర్‌కి మెయిల్ పెడితే, 'ప్యాకేజీలో లేదు' అని ఒక్క ముక్కలో జవాబు. అదే ప్యాకేజీలో టీషర్టు ఉంది, దాని మీద ఎర్రటి గుండె బొమ్మ కూడా ఉంది.