చీటీ చేతిల పెట్టి బడి మూస్తరా?

పొద్దున పది గంటలకు సికింద్రాబాద్ స్టేషన్ పక్కన రెజిమెంటల్ బజార్ సందుల్ల ఒక చుట్టు తిరిగి చూడండి. గడప ముందు కూర్చొని అంట్లు తోమే ఎనిమిదేండ్ల పిల్ల కనపడ్తది. తల్లి నాలుగిండ్ల పనికి పోయింది. తమ్మున్ని చూసుకునే బాధ్యత ఈ పిల్లదే. ఈ పిల్లను ఏమందాం? సికింద్రాబాద్ నుంచే పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు రంగారెడ్డి జిల్లా ఊర్లల్ల ఒక మాట చెప్పిన్రు: బడిల లేని ప్రతి పిల్లా పనిల ఉన్నట్టే. మేము ఆ మాటనే నమ్ముతం.

ఇప్పుడు ఇంకో మాట వినపడుతున్నది. "సర్కారు సొమ్ము బడికి ఇయ్యొద్దు, తల్లిదండ్రుల చేతికే వోచర్ చీటీగా ఇయ్యండి. ప్రైవేటు బడికి పంపుతరో, ఇంట్లనే చదివిస్తరో వాళ్ల ఇష్టం" అని. అమెరికాలో ఇది నడుస్తున్నది. ఆరిజోనా రాష్ట్రం 2022లో అందరికీ తలుపు తెరిచింది. టెక్సాస్ 2025లో 100 కోట్ల డాలర్లతో చట్టం చేసింది. అందులో ఇంట్ల చదివించే కుటుంబానికి కూడా పిల్లకు 2,000 డాలర్ల దాకా వస్తయి. మన దగ్గర ఇంట్ల చదివించే కుటుంబాలకు సర్కారు ఇట్ల వోచర్ ఇయ్యదు. కానీ అక్కడి మాట ఇక్కడికి రావడానికి ఎంతసేపు? రాకముందే మనం ఆలోచించుకోవాలె.

ఇంటి చదువు ఎట్లుంటదో మాకు తెల్వదా? 2020 మార్చిలో కరోనాతో బడులు మూసిన్రు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు పెట్టిన్రు. చిన్న తరగతుల పిల్లలు మళ్ల బడి గడప తొక్కింది 2021 సెప్టెంబర్‌లో. ఏడాదిన్నర! మాది ఒక్క అర్ర, ఐదుగురు మనుషులం, ఒక్క ఫోను. ఆ ఫోను తండ్రి పనికి పట్టుకపోతడు. చదువుకున్న తల్లి, పిల్లకో బల్ల, పుస్తకాల అల్మారా ఉన్న ఇండ్లు బడులైనయి. మా ఇండ్లు ఇండ్లుగనే మిగిలినయి. పిల్లలు తిరిగి బడికి పోయేసరికి ఒత్తులు మరిచిపోయిన్రు.

ఇంట్ల చదివించే తల్లిదండ్రుల మీద మాకు కోపం లేదు. అంగవైకల్యమున్న బిడ్డను ఏ బడీ చేర్చుకోకపోతే ఆ తల్లి ఏం చేస్తది? కులం పేరు పెట్టి పిలిచిన్రని, చీపురు చేతికిచ్చిన్రని బడి మానేసిన పిల్లలు మన వాడల్లనే ఉన్నరు. మరి ఆ పిల్ల చేతిల చీటీ పెట్టి 'ఇంట్లనే చదువుకో' అంటే దాని అర్థమేంది? తప్పు చేసినోడు బడిల ఉంటడు, అవమానపడ్డ పిల్ల ఇంట్ల ఉంటది. ఇది కొత్త తీరు వెలి. సతారా బడిలో చిన్న భీమ్‌రావ్‌ను గోనెపట్ట మీద వేరుగా కూర్చోబెట్టిన్రు. ఆయన గోనెపట్ట చుట్టి చంకన పెట్టుకొని మళ్ల తెల్లారి అదే బడికి పోయిండు.

మా బజార్ పేరే చెప్తది, ఇది ఇంగ్లీషు పల్టన్ల కాలపు బజార్. ఆ పల్టన్లల్ల సిపాయిల కోసం సర్కారు బడి పెట్టింది. అంబేద్కర్ తండ్రి రాంజీ అసొంటి బడిలనే హెడ్మాస్టర్‌గ పనిచేసిండు. 1891లో బాబాసాహెబ్ పుట్టింది మౌ కంటోన్మెంట్‌లనే. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఈసామియా బజార్‌లో బడి మొదలుపెట్టిండు. సర్కారు చేయని పని మనోళ్లు చందాలేసుకొని చేసిన్రు. అయినా 'ఎవరింట్ల వాళ్లు చదువుకోండి' అని ఆ పెద్దలు ఎన్నడూ అనలేదు. వాడకు బడి కావాలన్నరు.

చీటీ చదువు మనకు కొత్తది కాదు. 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో 180 ఊర్లల్ల ఒక పరిశోధన జరిగింది. లాటరీ తీసి, పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టిన్రు. నాలుగేండ్ల తర్వాత చూస్తే తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకూ వీళ్లకూ తేడా లేదు. హిందీ మాత్రం వీళ్లకు బాగా వచ్చింది. ఒక్కో పిల్ల మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. అంత ఎక్కువ ఖర్చు పెట్టి సర్కారు బడి ఎందుకు మెరుగ్గా చెప్పలేదో సర్కారే జవాబియ్యాలె. అట్లనే ప్రైవేటు బడి అంత చవకగా ఎట్ల నడుస్తదో కూడా అడగాలె. ఆడ తక్కువ జీతానికి పాఠం చెప్పేది మన గల్లీ డిగ్రీ పిల్లే!

'బెస్ట్ అవైలబుల్ స్కూల్' పథకం చూడండి. ఎస్సీ, ఎస్టీ పిల్లలను లాటరీల తీసి ప్రైవేటు బడిల చేరుస్తరు, ఫీజు సర్కారు కడ్తది. అయితే కట్టదు! బాకీలు పేరుకపోయి 2025 అక్టోబర్‌లో తెలంగాణ జిల్లాల్ల తల్లిదండ్రులు రోడ్డెక్కిన్రు. బాకీ సర్కారుది, గేటు బయట నిలబడ్డది మన పిల్ల. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. ప్రైవేటు బడుల్ల 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇయ్యాలన్నది. 2012లో సుప్రీంకోర్టు సరే అన్నది. తెలంగాణలో ఆ మాట ఏండ్లకేండ్లు కాగితం దాటలేదు.

వోచర్ ఎవరికి పనికొచ్చిందో అమెరికా నల్లజాతి అన్నలను అడగండి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్ల పిల్లలను తెల్ల పిల్లల పక్కన కూర్చోబెట్టమని కోర్టు చెప్తే, 1959లో సర్కారు బడులన్నీ మూసేసిన్రు. తెల్ల పిల్లల ప్రైవేటు బడికి సర్కారు సొమ్ము సాయమైంది. నల్ల పిల్లలకు ఐదేండ్లు సర్కారు బడి లేదు. ఇండ్లల్ల, చర్చిల్లో దొరికినంత నేర్చుకున్నరు. 1964లో సుప్రీంకోర్టు చెప్పినాకనే ఆ బడులు తెరుచుకున్నయి.

ఇంగ్లీషు చదువు కోసం ప్రైవేటు బడికి పంపే మనోళ్లను మేము తప్పుపట్టం. వచ్చే పైసను కాలదన్నుమనీ చెప్పం. మేము అడిగేది ఇది. సర్కారు బడి పద్దుల కోసి చీటీలు పంచొద్దు. చీటీ తెచ్చిన పిల్లను కాదనే హక్కు ఏ బడికీ ఉండొద్దు. సర్కారు బాకీ పేరున పిల్లను గేటు బయట నిలబెట్టొద్దు. ఇంట్ల చదివిస్తున్నమంటే, చదువు నడుస్తున్నదో లేదో ఏటా వచ్చి చూసే మనిషి ఉండాలె. లేకుంటే పనిల పెట్టిన పిల్లలందరూ లెక్కల్ల 'ఇంట్ల చదువుతున్న పిల్లలు' అయిపోతరు.

అన్నలారా, అక్కలారా! రేపు పొద్దున పది గంటలకు మీ వాడల ఒక చుట్టు తిరగండి. గడపల మీద కూర్చున్న బడి ఈడు పిల్లల పేర్లు రాయండి. ఆ లిస్టు పట్టుకొని, తల్లులను ఎంటబెట్టుకొని, బడికీ మండల ఆఫీసుకూ పోండి. మా బజార్‌ల మేము గట్లనే మొదలుపెడుతున్నం.

జై భీమ్!