ఏ క్రోమియం అని అడగండి

ఆన్‌లైన్‌లో కొన్న టీడీఎస్ మీటర్‌ని గ్లాసులో ముంచి, 180 కనిపించగానే 'నీళ్లు సూపర్' అనేసే ఫ్రెండ్స్ నాకు చాలామందే ఉన్నారు. కానీ ఆ పెన్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందన్నదే. ఫ్యాక్టరీ నీళ్లతో కలిసొచ్చిన క్రోమియం గురించి దానికేమీ తెలీదు. తాగునీటిలో క్రోమియానికి బీఐఎస్ పెట్టిన పరిమితి లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. 180 చూపించే స్క్రీన్ మీద అంత చిన్న తేడా కనబడే ఛాన్సే లేదు.

తోళ్ల ఫ్యాక్టరీలు, క్రోమ్ ప్లేటింగ్ యూనిట్లు, క్రోమేట్ తయారీ... క్రోమియం వచ్చేది వీటి నుంచే. చిత్తూరు నుంచి సరిహద్దు దాటి తమిళనాడులోకి వెళ్తే వచ్చే రాణిపేటనే చూడండి. అక్కడి క్రోమేట్ ఫ్యాక్టరీ 1990లలోనే మూతపడింది. లక్షన్నర టన్నులకు పైగా వ్యర్థం మాత్రం అక్కడే గుట్టగా ఉండిపోయింది. అందులోని క్రోమియం వాన నీళ్లలో కరిగి భూగర్భజలంలోకి దిగింది.

అసలు ట్విస్ట్ ఏంటంటే, క్రోమియం అన్నీ ఒకటి కాదు. తోళ్ల శుద్ధికి వాడే క్రోమియం-3 విషగుణం చాలా తక్కువ. మల్టీవిటమిన్ మాత్రల డబ్బా మీద కనిపించేదీ ఇదే రకం. క్రోమియం-6 అలా కాదు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, క్యాన్సర్ కారకం కూడా. అందుకే నదుల్లోకి వదిలే ఫ్యాక్టరీ నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు ఒప్పుకునే మన రూల్స్, క్రోమియం-6ని 0.1 దగ్గరే ఆపేస్తాయి.

మరి విడదీసి కొలవడం ఎలా? డైఫినైల్ కార్బజైడ్ అనే రసాయనం కలిపితే క్రోమియం-6 ఉన్న నీళ్లు గులాబీ-ఊదా రంగులోకి తిరుగుతాయి. క్రోమియం-3తో ఆ రంగు రాదు. రంగు ఎంత చిక్కగా ఉందో 540 నానోమీటర్ల కాంతి పంపి మెషిన్ లెక్కేస్తుంది. మొత్తం క్రోమియం కావాలంటే అటామిక్ అబ్జార్ప్షన్ లాంటి వేరే పద్ధతి ఉంది.

తప్పు జరిగే చోటు ల్యాబ్ కాదు, సీసా. మొత్తం క్రోమియం కోసం తీసిన శాంపిల్‌లో ముందే నైట్రిక్ యాసిడ్ కలుపుతారు. క్రోమియం-6 శాంపిల్‌లో అదే పని చేస్తే, మురుగునీటిలోని సేంద్రియ పదార్థాల వల్ల అది దారిలోనే క్రోమియం-3గా మారిపోవచ్చు. దాన్ని యాసిడ్ లేకుండా చల్లగా ఉంచి 24 గంటల్లో టెస్ట్ చేయాలి. లేదంటే క్షారగుణం ఉన్న బఫర్ కలిపి దాచాలి. ఇన్‌పుట్ చెడితే కోడ్ ఎంత కరెక్ట్‌గా ఉన్నా అవుట్‌పుట్ చెత్తే అని మా ఫీల్డ్‌లో అంటాం. ఇక్కడ ఆ చెత్త అవుట్‌పుట్ 'సేఫ్' అనే ముద్రతో వస్తుంది. ఆ కాగితం నమ్మి బోరు నీళ్లు తాగేది మాత్రం పక్క ఊరి జనం.

ఈసారి ఎవరైనా వాట్సాప్‌లో నీళ్ల రిపోర్ట్ ఫార్వర్డ్ చేస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది మొత్తం క్రోమియమా, క్రోమియం-6నా? శాంపిల్ తీసిన ఎన్ని గంటలకు టెస్ట్ చేశారు? యాసిడ్ కలిపారా? ఇంకో మాట: మరిగిస్తే క్రోమియం పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది.